ఆ చెయ్యి ఎవరిది? హిల్మా ఆఫ్ క్లింట్ బొమ్మలు, మా అమ్మ, నా బోటనీ రికార్డు

2023 సమ్మర్‌లో అమ్మ లండన్‌కి మా దగ్గరికి వచ్చినప్పుడు చూపించాల్సినవన్నీ చూపించేశాం, బ్రిడ్జీ, ప్యాలెస్సూ, గుడీ అన్నీ అయిపోయాయి, ఇంక ఒక ఆదివారం ఎటు పోదామా అనుకుంటుంటే టేట్ మోడర్న్ మ్యూజియంలో స్వీడన్ పెయింటర్ హిల్మా ఆఫ్ క్లింట్ బొమ్మలు పెట్టారని గుర్తొచ్చి టికెట్లు తీశాను. డచ్ పెయింటర్ మాండ్రియన్‌వీ ఈమెవీ కలిపి పెట్టిన ఎగ్జిబిషన్ అది. అమ్మకి మ్యూజియం అంటే మోకాళ్ళ నొప్పులే గుర్తొస్తాయి, రెండు గదులు తిరిగాక బెంచీ కోసం చూసుకుంటుంది. ఆ రోజూ అంతే అవుతుందనుకున్నా. చివరి గదిలోకి వచ్చాక మాత్రం కూర్చోలేదు.

ఆ గదిలో పది బొమ్మలు. ఒక్కోటి మూడు మీటర్లకి పైన ఎత్తు, దాదాపు రెండున్నర మీటర్ల వెడల్పు. రెండు నీలం మీద, రెండు నారింజ మీద, నాలుగు లేత వంకాయ రంగు మీద, ఇంకో రెండు వెలిసిపోయినట్టుండే గులాబీ మీద. అన్నిట్లోనూ పెద్ద పెద్ద సున్నాలు, తీగల మెలికలు, నత్తగుల్ల చుట్లు, గుడ్లు, రేకులు, చదవలేని అక్షరాలు. అమ్మ ఒక వంకాయ రంగు బొమ్మ ముందు ఆగి, మధ్యలో ఉన్న పసుపుపచ్చ ఆకారాన్ని దూరం నించే వేలితో చూపిస్తూ, "పాపా, ఇది పువ్వును నిలువునా కోసినట్ల లేదూ? నీ రికార్డులో ఏసినాము కదా" అంది.

"ఏసినాము" అంది. అక్కడ నేను ఇంక ఏమీ మాట్లాడలేకపోయాను.

నేను డిగ్రీలో బోటనీ చదివాను. బోటనీ చదివిన వాళ్ళకి తెలుసు రికార్డు అంటే ఏంటో, ప్రతి వారం ప్రాక్టికల్‌లో కోసి చూసిందంతా బొమ్మ వేసి లేబుల్స్ పెట్టి సంతకం చేయించుకోవాలి, కాండం టి.ఎస్. (అడ్డుకోత), పువ్వు ఎల్.ఎస్. (నిలువుకోత), దాని పక్కన ఫ్లోరల్ డయాగ్రమ్. నాకు మైక్రోస్కోప్ కింద చూడటం ఇష్టం, గీయడం మాత్రం వచ్చేది కాదు. పదో తరగతితో చదువు ఆపేసిన మా అమ్మ రాత్రి వంటింటి పని ముగించుకుని, చేతులు తుడుచుకుని, టేబుల్ లైట్ కింద కూర్చుని నా రికార్డు వేసేది. స్పెసిమెన్ ఏదైనా ఇంటికి తెస్తే చాలు, దాన్ని పావుగంట చేతిలో తిప్పి తిప్పి చూసి, ఆ తర్వాత రబ్బరు వాడకుండా ఒకే గీతతో ఆకు అంచు తీసేది. మూడేళ్ళు అలాగే నడిచింది. ఎర్ర ఇంకుతో వెరీ గుడ్ అని నా పేరు మీద పడేది. నేను ఎవరికీ చెప్పలేదు, అమ్మ కూడా చెప్పమనలేదు.

అందుకే హిల్మా కథ చదివేకొద్దీ నాకు ఒక్క ప్రశ్నే పదే పదే వస్తుంది, ఆ చెయ్యి ఎవరిది అని. ఈమె గురించి ఎక్కడ చూసినా రెండే కథలు చెప్తారు. ఒకటి, రష్యన్ పెయింటర్ కాండిన్‌స్కీ కంటే అయిదేళ్ళు ముందే అబ్‌స్ట్రాక్ట్ బొమ్మలు, అంటే ఫలానా వస్తువు అని పోల్చుకోలేని బొమ్మలు వేసింది, చరిత్ర తిరగరాయాలి అని. రెండోది, ఆత్మలు చెప్తుంటే వేసింది అని. రెండూ వింటే ఆమె చెయ్యి ఎక్కడో మధ్యలో జారిపోయినట్టు ఉంటుంది నాకు. ఆ చేతి గురించే రాద్దామని ఈ పోస్టు.

హిల్మా 1862 అక్టోబర్ 26న స్టాక్‌హోమ్ పక్కన సోల్నాలో కార్ల్‌బెరి ప్యాలెస్‌లో పుట్టింది. ప్యాలెస్ అంటే రాజుల పిల్ల అనుకోకండి, అప్పటికి అది మిలిటరీ అకాడమీ, వాళ్ళ నాన్న నేవీ ఆఫీసరు, అక్కడ పని చేసేవాడు. ఆ వంశమే నేవీ వంశం, సముద్రం మ్యాపులు గీసిన వాళ్ళు ఉన్నారు, లెక్కలు వచ్చినవాళ్ళు. ఎండాకాలాలు మాత్రం మాలరెన్ సరస్సులో అడెల్సో అనే దీవిలో, పొలాలూ చెట్లూ మధ్య. అంటే ఒక పక్క కొలిచి గీసే అలవాటు, ఇంకో పక్క ఆకులూ నాచూ నీళ్ళూ. 1880లో పదేళ్ళ చెల్లెలు హెర్మినా చనిపోయింది, హిల్మాకి అప్పుడు పదిహేడు పద్దెనిమిదేళ్ళు. కళ్ళకి కనపడని వాటి మీద ఆమె ధ్యాస అక్కణ్ణించే ముదిరింది అంటారు.

1882 నించి 1887 దాకా స్టాక్‌హోమ్‌లో రాయల్ అకాడమీలో చదివింది. ఇది చిన్న విషయం కాదు, పారిస్‌లో పెద్ద ఆర్ట్ స్కూల్ ఆడవాళ్ళని తీసుకుంది 1897లో, స్వీడన్‌లో 1864 నించే తీసుకుంటున్నారు. మంచి మార్కులతో బయటికి వచ్చింది, అకాడమీ వాళ్ళు ఊరి నడిబొడ్డున హామ్న్‌గాటన్ వీధిలో ఒక స్టూడియో కూడా ఇచ్చారు. ఆ బిల్డింగ్‌లోనే బ్లాంక్ అనే కేఫే, దాన్ని ఆనుకుని గ్యాలరీ, 1894లో నార్వే పెయింటర్ ఎడ్వర్డ్ ముంక్ బొమ్మలు పెట్టింది అక్కడే. అంటే కొత్త ఆర్ట్ వాసన తగలని మూల ఏమీ కాదు ఆమె కూర్చున్నది. మరి ఆమె ఏం వేసేది అప్పుడు? ల్యాండ్‌స్కేపులు, పోర్ట్రెయిట్లు, పూల బొమ్మలు. అమ్ముకుని బతికేది. 1900లో పశువైద్య సంస్థలో డ్రాయింగ్ పనికి చేరి గుర్రాల సర్జరీ పుస్తకానికి బొమ్మలు వేసింది. ఎముక ఎక్కడ, నరం ఎక్కడ, కత్తి ఎక్కడ పెట్టాలి అని చూపించే బొమ్మలు. అలాంటి దాంట్లో గీత అటూ ఇటూ అయితే డాక్టరు చెయ్యి తప్పుతుంది. చాలామంది ఈ ఉద్యోగం గురించి ఒక లైన్‌లో చెప్పి వెళ్ళిపోతారు, నాకైతే మొత్తం కథకి తాళంచెవి ఇక్కడే ఉందనిపిస్తుంది.

ఇది పగటి పని. ఇంకో పని ఉండేది. 1896 నించి అయిదుగురు ఆడవాళ్ళు వారం వారం కలిసేవాళ్ళు, హిల్మా, అకాడమీలో తనతో చదివిన అన్నా కాసెల్, కార్నేలియా సెడెర్‌బెరి, సిగ్రిడ్ హెడ్‌మన్, మాటిల్డా నీల్సన్. వాళ్ళని వాళ్ళు ‘ఆ అయిదుగురు’ అనే పిలుచుకునేవాళ్ళు. ముందు ప్రార్థన, తర్వాత బైబిల్లోంచి కాస్త చదవడం, ధ్యానం, ఆ తర్వాత పైలోకం వాళ్ళతో మాటలు. అమాలియేల్, గెయోర్గ్, గ్రెగోర్, ఆనంద అని వాళ్ళ పేర్లు, ఆనంద అంటే మన ఆనందే, ఆ పేరు అంత దూరం ఎలా వెళ్ళిందో కింద చెప్తాను. పెన్సిల్ పట్టుకుని చెయ్యి వదిలేసేవాళ్ళు, అది ఎటు పోతే అటు, కాగితాల నిండా మెలికలు, చుట్లు, రేకులు. ఇది 1890లలో, కలల్లాంటి బొమ్మలు వేసిన సర్రియలిస్టులు అదే పని చేసి పేరు తెచ్చుకోవడానికి పాతికేళ్ళ ముందు.

దీన్ని విని నవ్వేవాళ్ళని చూశాను, నాకు నవ్వు రాదు. ఆ రోజులు ఎలాంటివో ఒకసారి ఊహించుకోండి. 1895లో ఎక్స్‌రే కనిపెట్టారు, బతికున్న మనిషి చేతి ఎముకలు ఫొటోలో కనపడ్డాయి. తర్వాత రేడియో తరంగాలు, ఆటమ్ లోపల ఇంకా చిన్న ముక్కలు. కంటికి కనిపించేదే అంతా కాదు అని సైన్సే చెప్తున్న కాలం. ఒక లోకం ఎముకలదాకా కనపడుతుంటే ఇంకో లోకం ఎందుకు కనపడకూడదు అని చదువుకున్న వాళ్ళు కూడా అడిగారు. అలా అడిగిన వాళ్ళలో చాలామంది చేరిన చోటు థియోసాఫికల్ సొసైటీ, అన్ని మతాల వెనకా ఒకే సత్యం ఉందని నమ్మి దాన్ని వెతికే సంఘం, హిల్మా 1904లో అందులో సభ్యురాలైంది.

ఇక్కడ నా గుండె ఒక్కసారి కొట్టుకుంది చదువుతుంటే. మాది మదనపల్లె. మా ఊళ్ళో బీటీ కాలేజీ తెలియని వాళ్ళుండరు, బీసెంట్ థియోసాఫికల్ కాలేజీ, 1915లో అనీ బిసెంట్ పెట్టింది, 1919లో టాగూర్ వచ్చి జనగణమనని ఇంగ్లీషులోకి మార్చింది కూడా అక్కడే. నేను చదివింది వేరే చోట, కానీ చిన్నప్పటి నించి ఆ బోర్డు ముందు నించి వెయ్యిసార్లు వెళ్ళి ఉంటాను, మధ్యలో ఉన్న ఆ ‘థియోసాఫికల్’ అంటే ఏంటి అని ఒక్కసారి కూడా ఎవర్నీ అడగలేదు. మద్రాసు అడయారులో ఉన్న సొసైటీ హెడ్ ఆఫీసు నించి ఒక దారి మదనపల్లెకి, ఇంకో దారి స్టాక్‌హోమ్‌కి. ఆనంద అనే పేరు అంత దూరం వెళ్ళింది ఇలాంటి దారిలోనే అయి ఉంటుంది. బిసెంటూ, సొసైటీలో ఇంకో పెద్ద లెడ్‌బీటరూ ఆలోచనలకీ భావాలకీ రంగూ ఆకారం ఉంటాయని రంగుల బొమ్మలతో సహా పుస్తకం వేశారు, అది యూరప్‌లో ఆర్టిస్టుల మధ్య బాగా తిరిగింది. కాండిన్‌స్కీ చదివాడు ఆ సాహిత్యం, మాండ్రియన్ అయితే ఏకంగా సొసైటీ మెంబరే. అబ్‌స్ట్రాక్ట్ ఆర్ట్ అంటే రూపం, రేఖ, కొలతల గొడవే అని చెప్పే క్లాసుల్లో ఈ సంగతి ఎందుకు దాటేస్తారో నాకు అర్థం కాదు, వేళ్ళు చూపించకుండా చెట్టు గురించి చెప్పినట్టుంటుంది.

సరే, అమాలియేల్ దగ్గరికి వద్దాం. 1906 మొదట్లో ఆయన (హిల్మా నోటుబుక్కుల్లో ఆయన మాట్లాడతాడు, కాబట్టి నేనూ ఆయన అనే అంటాను) ఒక పని అప్పజెప్పాడు, గుడి కోసం బొమ్మలు వెయ్యాలి అని. మిగతా వాళ్ళు భయపడ్డారు, ఇలాంటి దాంట్లో మునిగితే మతి పోతుందని హెచ్చరించారు కూడా. హిల్మా ఒప్పుకుంది. అప్పటికి ఆమెకి 43 ఏళ్ళు. పెళ్ళి చేసుకోలేదు, ఇరవై ఏళ్ళుగా బొమ్మలు అమ్ముకుని బతుకుతోంది, అమ్మని చూసుకుంటోంది. ఆ వయసులో, ఆ పరిస్థితిలో, వచ్చిన పేరూ తెలిసిన పద్ధతీ పక్కన పెట్టి సరే అనడం, దాన్ని నేను ధైర్యం అనే అంటాను, వేరే మాట లేదు.

1906 నవంబర్‌లో మొదటి వరస మొదలైంది, సృష్టికి ముందరి గందరగోళం అనే అర్థం వచ్చే పేరుతో 26 చిన్న బొమ్మలు. నీలం అంటే స్త్రీ, పసుపు అంటే పురుషుడు, రెండూ కలిస్తే ఆకుపచ్చ. నత్తగుల్ల చుట్టు అంటే ఎదుగుదల. డబ్ల్యూ అక్షరం పదార్థానికి, యూ అక్షరం ఆత్మకి. ఇట్లా ఆమెకంటూ ఒక అక్షరమాల తయారైంది. అక్కణ్ణించి 1908 ఏప్రిల్ దాకా, అంటే ఏడాదిన్నర కూడా కాలేదు, 111 బొమ్మలు.

టేట్‌లో అమ్మ నిలబడి చూసిన ఆ పదీ వాటిలోవే. 1907 అక్టోబర్ నించి డిసెంబర్ లోపల వేసింది. బాల్యం రెండు, యవ్వనం రెండు, నడివయసు నాలుగు, ముసలితనం రెండు, మనిషి జీవితం మొత్తం. కాగితాలు అతికించి పెద్దవి చేసి నేల మీద పరిచి, వాటి మీద నడుస్తూ, వంగుతూ వేసింది, టెంపెరా రంగులు, అంటే రంగు పొడిని గుడ్డు సొనలో కలిపి వేసేవి, అవి ఇట్టే ఆరిపోతాయి, నూనె రంగుల్లాగా రేపు సరిచేద్దాంలే అంటే కుదరదు. అయిదడుగుల మనిషి, తన ఎత్తుకి రెండింతలుండే కాగితం. బొమ్మ మొత్తం ఎలా ఉందో పూర్తయ్యేదాకా ఎదురుగా నిలబెట్టి చూసే వీలు కూడా లేదు. ముందు స్కెచ్ లేకుండా, ఏం వేస్తున్నానో నాకే తెలియకుండా, ఒక్క కుంచె గీత కూడా మార్చకుండా వేశాను, బొమ్మలు నాలోంచి నేరుగా వచ్చాయి అని ఆమే రాసుకుంది.

నేను ఆమె మాటని కాదనను. కానీ ఒకటి అడగాలనిపిస్తుంది. ఆ అయిదుగురిలో పెన్సిల్ వదిలేసిన చేతులు అన్నీ ఉన్నాయి కదా, అన్ని చేతులకీ ఇది రాలేదు కదా. టేట్‌లో దగ్గరికి వెళ్ళి చూశాను, ఒక్కో చుట్టు మొదలైన చోటునించి చివరిదాకా ఒకే మందంతో వస్తుంది, మీటరు పొడుగు వంపు ఎక్కడా వణకదు. అది అయిదేళ్ళ అకాడమీ, ఇరవై ఏళ్ళ పూల బొమ్మలు, గుర్రాల కండరాలు, పుట్టినప్పటి నించి ఇంట్లో చూసిన మ్యాపులు. చెప్పింది ఎవరైనా కానీ, విన్నది మాత్రం ఆ చెయ్యి. మా అమ్మ రబ్బరు లేకుండా ఆకు అంచు గీసేటప్పుడు తలెత్తి మాట్లాడేది కాదు, పిలిచినా వినపడేది కాదు. గీసేవాళ్ళని దగ్గరినించి చూసిన ఎవరికైనా అది తెలుసు.

ఇంకో సంగతి కూడా నిజాయితీగా చెప్పాలి. ఆ పెద్ద పనిలో స్నేహితురాళ్ళు సాయం చేశారని, ముఖ్యంగా అన్నా కాసెల్ వాటా మనం అనుకున్నదానికంటే చాలా పెద్దదని ఈ మధ్య పరిశోధకులు గట్టిగానే అంటున్నారు, నోటుబుక్కులు పట్టుకుని వాదిస్తున్నారు. దీనివల్ల హిల్మా చిన్నదైపోతుందని బాధపడేవాళ్ళు ఉన్నారు, నాకు అలా అనిపించదు. ఒక్క మనిషి ఒక్క గదిలో ఒంటరిగా కనిపెట్టాడు అనే కథలు మగ పెయింటర్లకి రాసి రాసి మనకి అలవాటైపోయింది. ఇక్కడ అయిదుగురు ఆడవాళ్ళు పదేళ్ళు వారం వారం కూర్చున్నారు, టీలు తాగారు, ప్రార్థన చేశారు, ఒకరి నోటుబుక్కులో ఇంకొకరు రాశారు. పేర్లన్నీ రాస్తే సరిపోతుంది కదా.

1908లో అంతా ఆగిపోయింది. వాళ్ళ అమ్మకి కళ్ళు పోయాయి. హిల్మా స్టూడియో వదిలేసి అమ్మ దగ్గరే ఉండిపోయింది. నాలుగేళ్ళు. ఏడాదిన్నరలో 111 బొమ్మలు వేసిన మనిషి, అంత వేడి మీద ఉన్న మనిషి, గుడి బొమ్మలు పూర్తిగా పక్కన పెట్టేసింది. పుస్తకాల్లో ఈ నాలుగేళ్ళు ఒక పేరాగ్రాఫ్ కూడా ఉండవు. పెద్దవాళ్ళని మంచంలో చూసుకున్న వాళ్ళకి తెలుసు అందులో ఎన్ని పగళ్ళు ఉంటాయో. అమ్మ చూడలేని బొమ్మలు వేస్తున్నాననే ఆలోచన ఆమెకి వచ్చి ఉంటుందా అని నేను చాలాసార్లు అనుకున్నాను.

అదే కాలంలో రుడాల్ఫ్ స్టైనర్ పరిచయం. థియోసాఫికల్ సొసైటీ జర్మనీ శాఖకి పెద్ద ఆయన, హిల్మాకి చాలా గౌరవం. ఆయన తన బొమ్మల్ని అర్థం చేసుకుంటాడని ఆశపడింది, ఆ ఆశ తీరలేదు. ఆత్మలకి మన చెయ్యి అప్పజెప్పడం ఆయనకి నచ్చదు, మనిషి పూర్తి మెలకువతో చూడాలి అనేది ఆయన పట్టు. ఆయన మాట బాధపెట్టిందో, లేక నాలుగేళ్ళ విరామమే మార్చిందో, 1912లో మళ్ళీ మొదలుపెట్టినప్పుడు ఆమె పద్ధతి వేరు. ఇప్పుడు కూడా మాటలు వినపడతాయి, చిత్రాలు కనపడతాయి, కానీ చెయ్యి అప్పగించేయడం లేదు, విని, ఆలోచించి, తనే కూర్చుకుని వేస్తోంది.

బొమ్మల్లో తేడా కంటికే తెలుస్తుంది. 1914-15లో వేసిన హంసల వరస చూడండి, 24 బొమ్మలు. మొదటి దాంట్లో కాగితం మధ్యలో అడ్డగీత, పైన తెల్లహంస, కింద నల్లహంస, రెండిటి ముక్కులూ రెక్కలూ ఆ గీత దగ్గర తాకుతుంటాయి. తర్వాత బొమ్మ బొమ్మకీ ఆ హంసలు కరిగిపోతాయి, ఘనాలు, చుట్లు, చివరికి కేవలం వృత్తాలు, ఎర్రటి నేల మీద సగం నలుపు సగం తెలుపు వృత్తం. ఆఖర్న మళ్ళీ హంసలు తిరిగొస్తాయి, ఈసారి ఒకదాన్నొకటి పెనవేసుకుని. హంస నించి వృత్తానికి వెళ్ళే దారి మొత్తం అడుగడుగునా చూపించింది. అబ్‌స్ట్రాక్ట్ అంటే నాకు అర్థం కాదండీ అనే వాళ్ళకి నేను ఈ వరసే చూపిస్తాను. 1915లో బలిపీఠం కోసం మూడు పెద్ద బొమ్మలు, బంగారు రేకు అద్ది, పైకి లేచే రంగుల త్రికోణం. దాంతో గుడి బొమ్మలు పూర్తి, మొత్తం 193. గుడి మాత్రం ఎవరూ కట్టలేదు.

ఇప్పుడు మళ్ళీ మదనపల్లె. 1909లో అడయారు బీచ్‌లో లెడ్‌బీటర్ ఒక సన్నటి తెలుగు పిల్లాణ్ణి చూసి, రాబోయే జగద్గురువు ఇతనే అన్నాడు. ఆ పిల్లాడు 1895లో మా ఊళ్ళో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి గారు. 1911లో ఆయన కోసం ఒక సంఘమే పెట్టారు. స్టైనర్ ఒప్పుకోలేదు, ఒక పిల్లాణ్ణి అవతారం అనడం కుదరదన్నాడు, ఆ గొడవలోనే సొసైటీ చీలి 1912-13లో స్టైనర్ ఆంత్రోపోసాఫికల్ సొసైటీ అని వేరే పెట్టుకున్నాడు. హిల్మా తర్వాత 1920లో చేరింది అందులోనే. 1929లో కృష్ణమూర్తి గారే ఆ సంఘాన్ని రద్దు చేసి, నేను ఎవరికీ గురువుని కాను అనేశారు. అంటే స్వీడన్‌లో ఒక పెయింటర్ జీవితంలో దారి మళ్ళిన చోట మా ఊరి పిల్లాడి పేరు ఉంది. ఇది తెలిసిన రోజు నేను ఇంటికి ఫోన్ చేసి అమ్మకి చెప్పాను, "మన మదనపల్లె కృష్ణమూర్తేనా" అని మూడుసార్లు అడిగింది.

1918లో హిల్మా మున్సో దీవికి మారింది, వాళ్ళ అమ్మా, అమ్మని చూసుకునే నర్సు తోమాసిన్ ఆండర్సనూ కూడా. 1920లో అమ్మ పోయింది. ఆ రెండేళ్ళలో, 1919-20లో వేసిన వాటి గురించే నేను అసలు రాయాలనుకున్నది. వసంతం రాగానే బయటికి వెళ్ళి, ఏ రోజు ఏ మొక్క పూస్తే దాన్ని వేసింది, 46 షీట్లు. పువ్వు పువ్వులాగే ఉంటుంది, ఆకు ఈనెలూ కాడ మీద నూగూ కనపడతాయి, ఏ బోటనీ పుస్తకంలో పెట్టినా సరిపోతుంది. దాని పక్కనే చిన్న గళ్ళు, వృత్తాలు, బాణాలు, చుట్లు, రంగుల చదరాలు. ఆ మొక్క లోపల ఏ గుణం ఉందో దానికి గుర్తు, ఒక్కోదానికి ఒక్కో గుర్తు, దాని కింద మాటల్లో వివరం. ఇంతకుముందు గుడి బొమ్మలు వేసింది ఎవరు, పూల బొమ్మలు వేసింది ఎవరు అని ఇద్దరు వేరు వేరు మనుషుల్లా చెప్పేవాళ్ళు, ఈ షీట్లలో ఇద్దరూ ఒకే కాగితం మీద కూర్చున్నారు.

బోటనీ వాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు. మందార పువ్వు ఎల్.ఎస్. వేస్తాం, పక్కనే ఫ్లోరల్ డయాగ్రమ్ వేస్తాం. పైన ఒక చుక్క, దాన్నే మదర్ యాక్సిస్ అంటారు, కింద వంపులు వంపులుగా రక్షకపత్రాలు, లోపల ఒకదాని మీద ఒకటి వాలిన అయిదు ఆకర్షణపత్రాలు, ఇంకా లోపల కేసరాలు, నడుమ అయిదు గదుల అండాశయం. దాన్ని చూస్తే ఎవరూ మందారం అనరు, కానీ మందారం గురించి పువ్వు చెప్పని సంగతులు అది చెప్తుంది. అబ్‌స్ట్రాక్షన్ అంటే కళ్ళు మూసుకుని ఊహించడం కాదు, ఎక్కువసేపు చూసిన వాళ్ళకి చివర్న మిగిలేది. హిల్మా దాన్ని ఇంకా లోపలికి తీసుకెళ్ళింది, అంతే. ఆ షీట్లు 2022లో న్యూయార్క్‌లోని మోమా (మోడర్న్ ఆర్ట్ మ్యూజియం) కొనుక్కుని 2025లో ఎగ్జిబిషన్ పెట్టింది. ఇదే మోమా 2012లో అబ్‌స్ట్రాక్షన్ ఎలా పుట్టిందో చూపిస్తూ పెద్ద ఎగ్జిబిషన్ పెట్టినప్పుడు అందులో ఈమె పేరే లేదు.

1922 నించి మళ్ళీ మార్పు. స్విట్జర్లాండ్‌లో డోర్నాఖ్ వెళ్ళి స్టైనర్ వాళ్ళ దగ్గర రంగుల గురించి నేర్చుకుంది, తడి కాగితం మీద వాటర్‌కలర్ వదిలితే రంగు తనంతట తనే పాకి ఆకారం అయ్యే పద్ధతి. అరవై ఏళ్ళ వయసులో, ఒక్క గీత వణకని ఆ చేతితో, గీతే లేకుండా వెయ్యడం మొదలుపెట్టింది. ఆ బొమ్మలు గుడి బొమ్మలంత గొప్పగా నాకు అనిపించవు, కాస్త పొగమంచులా ఉంటాయి. కానీ ఆ వయసులో వచ్చిన విద్యని పక్కన పెట్టి కొత్తది పట్టుకోవడం చూస్తే ముచ్చటేస్తుంది.

మిగిలిన కాలం ఎక్కువగా సర్దుకోవడమే. గుడి బొమ్మలన్నిటికీ చిన్న వాటర్‌కలర్ కాపీలు, పక్కన బ్లాక్ అండ్ వైట్ ఫొటోలు పెట్టి నీలం అట్టల పుస్తకాలు చేసుకుంది, ఎక్కడికైనా తీసుకెళ్ళి చూపించేలా. ఎవరికి చూపించినా అర్థం కాలేదు. 1932లో నోటుబుక్కులో ఒక గుర్తు వేసి, ఈ గుర్తున్న బొమ్మలు నేను పోయాక ఇరవై ఏళ్ళ దాకా తెరవొద్దు అని రాసింది. కూడిక గుర్తు, దాని పక్కన ఎక్స్. అలిగి కాదు, ఇంకా పుట్టని వాళ్ళ కోసం దాచింది. 1944లో ట్రామ్ ప్రమాదంలో దెబ్బ తగిలి, అక్టోబర్ 21న చనిపోయింది, 82 నిండటానికి అయిదు రోజుల ముందు. అదే ఏడాది ఫిబ్రవరిలో మాండ్రియన్, డిసెంబర్‌లో కాండిన్‌స్కీ కూడా పోయారు. ఆ ఇద్దరికీ ఈమె ఎవరో తెలియదు.

పన్నెండొందలకి పైన బొమ్మలు, 124 నోటుబుక్కులు, మొత్తం 26,000 పేజీలు, అన్నీ అన్న కొడుకు ఎరిక్‌కి వచ్చాయి, ఆయనా నేవీయే, వైస్ అడ్మిరల్. అటకెక్కించి దాచాడు, చెప్పిన గడువు దాటాకే 1960లలో తెరిచాడు. 1970లో స్టాక్‌హోమ్ మోడర్న్ మ్యూజియంకి ఇస్తామంటే వద్దన్నారు. 1986లో లాస్ ఏంజిలిస్ ఎగ్జిబిషన్‌లో మొదటిసారి నలుగురి కళ్ళలో పడ్డాయి, 2013లో అదే స్టాక్‌హోమ్ మ్యూజియం పెద్ద ఎగ్జిబిషన్ పెట్టింది, 2018-19లో న్యూయార్క్ గుగెన్‌హైమ్‌లో ఆరు లక్షల మందికి పైన చూశారు, ఆ మ్యూజియం చరిత్రలోనే అంతమంది ఇంక దేనికీ రాలేదు. గుగెన్‌హైమ్ లోపల చుట్టలాగా పైకి తిరిగే దారి ఉంటుంది. హిల్మా తన గుడి ఎలా ఉండాలో నోటుబుక్కులో రాసుకున్నప్పుడు గుండ్రంగా, చుట్టు తిరుగుతూ పైకెక్కేలాగానే అనుకుంది.

పోయినేడు ఆఫీసు పని మీద స్టాక్‌హోమ్ వెళ్ళాను. మునిగిపోయిన పాత ఓడని పెట్టిన వాసా మ్యూజియం పక్కనే నేవీ వాళ్ళ శ్మశానం ఉంది, హిల్మా అక్కడ వాళ్ళ నాన్న సమాధిలోనే ఉంది. జనం అందరూ ఓడ కోసం క్యూలో ఉన్నారు, ఇటు పక్క ఎవరూ లేరు. కాసేపు నిలబడి అమ్మకి వీడియో కాల్ చేశాను. రాయి చూపించాను, చెట్లు చూపించాను. అమ్మ ఏమీ అనలేదు కాసేపు, తర్వాత "నీ రికార్డు మన అటక మీదే ఉండాది పాపా, మొన్న దించి చూసినా, అంచులు చెదలు కొట్టినాయి, మందారం పేజీ మాత్రం బాగుండాది" అంది.

"ఆ బొమ్మలు నువ్వు వేసినావని నేను ఎవరికీ చెప్పలేదమ్మా" అన్నాను.

"ఇప్పుడు చెప్తావులే" అని, "అది సరే గానీ, ఆమె రంగుల్లో గుడ్డు కలిపింది అన్నావే, పచ్చసొన ఒకటేనా, తెల్లసొన కూడానా?" అని అడిగింది.

పచ్చసొన ఒకటే అమ్మా అన్నాను. కొంచెం నీళ్ళు కలపాలి, కలిపింది కలిపినట్టే వాడేయాలి, రేపటికి ఉంచితే వాసనొస్తుంది అని కూడా చెప్పాను. రాసుకోవడానికి పెన్ను వెతుక్కుంటున్న చప్పుడు వినపడింది.